త్రెడ్డు ఎక్కింది, కూర్చోలేదు

లాస్ ఏంజిలెస్ పక్కన గార్డెనాలో ఒక మెకానిక్ షెడ్డు ముందు బండి ఆగీ ఆగకముందే గుప్పున పెట్రోలు వాసన. మా మేనల్లుడి కారులోంచే. "ఎప్పుడూ ఉండేదే మామయ్యా, పాత బండి కదా" అన్నాడు వాడు తేలిగ్గా. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు అంబాసిడర్లూ ఫియట్లూ విప్పి బిగించిన మనిషి. పెట్రోలు వాసనకి ఈ సమాధానం చెప్పిన కుర్రాడి వైపు ఆయన పానా ఎలా ఎగిరేదో నాకు తెలుసు. లాస్ ఏంజిలెస్ దాకా వచ్చి డిస్నీలాండు మానుకుని వీడి వెంట రావడానికి కారణం అదే.

కారు 1977 నాటి డాట్సన్ 280 జెడ్. పొడుగు ముక్కు, రెండే సీట్లు, ముందు 2.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్. 1970లో దీని అన్న 240 జెడ్ అమెరికాలో 3,526 డాలర్లకి దిగింది. జపాన్‌లో దాని పేరు ఫెయిర్‌లేడీ. ఆ పేరుతో ఇక్కడ స్పోర్ట్స్ కారు ఎవరు కొంటారని, డాట్సన్‌లు తయారుచేసే నిస్సాన్ కంపెనీకి అమెరికా వ్యవహారాలు చూసే యుటాకా కటయామా పట్టుబట్టి పేరు మార్పించాడు. ఆ కంపెనీ అమెరికా ఆఫీసు చాలాకాలం ఈ గార్డెనా ప్రాంతంలోనే ఉండేది. జపనీస్ కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డ ఊరు కూడా ఇదే. పాత జెడ్ కారుకి జబ్బు చేస్తే జనం ఇటు రావడంలో వింతేం లేదు.

షెడ్డు పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. పలకరింపు కంటే ముందు చీవాట్లు పెట్టాడు. వాసన వస్తున్న బండిని నడుపుకుంటూ వస్తారా, టో ట్రక్కుకి ఎంతవుతుంది, కారు కాలిపోతే ఎంతవుతుంది అని. తర్వాత బానెట్ ఎత్తి టార్చి నా చేతికిచ్చాడు.

"కింద ఏముందో చూడండి."

చూశాను. ఈ ఇంజిన్‌కి గాలి లోపలికి వెళ్లే దారీ, పొగ బయటికొచ్చే దారీ ఒకే పక్కన ఉన్నాయి. పైన పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, వాటికి సరిగ్గా కింద ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. పొయ్యి మీద ఉట్టి కట్టి అందులో పెట్రోలు పెట్టినట్టు. పెట్రోలు పైపుకీ ఇంజెక్టరుకీ మధ్య రబ్బరు ముక్కలు, మొత్తం ఆరు. ఒక్కోదానికి రెండు కొసలు. ఇంజెక్టర్ల దగ్గరే పన్నెండు అతుకులన్నమాట. ఫిల్టరు, రెగ్యులేటరు, వెనక ట్యాంకు దగ్గరి పంపు, వీటి అతుకులు వేరే.

నాన్న కాలంలో ట్యాంకు కారితే బట్టల సబ్బు అరగదీసి రాసేవారు. సబ్బు పెట్రోల్లో కరగదు కాబట్టి ఇంటికి చేర్చేది. ఎండకి పంపు వేడెక్కి బండి ఆగితే తడిగుడ్డ చుట్టేవారు. ఇదంతా పెద్దాయనకి చెబితే నవ్వాడు. కార్బ్యురేటరు బండి పైపులో ఒత్తిడి మూడు, నాలుగు పీఎస్ఐ. అతుకు వదులైతే చుక్కలు పడతాయి, అంతే. 1975లో 280 జెడ్‌తో ఇంజెక్షన్ వచ్చాక ఆ ఒత్తిడి 36 పీఎస్ఐ అయింది. కారు టైర్లో గాలి ఎంత గట్టిగా ఉంటుందో అంత. ఈ అతుకు వదులైతే పెట్రోలు పొగమంచులా చిమ్ముతుంది, అదీ ఎర్రగా కాలుతున్న ఇనుము మీదికి. సబ్బు ఇక్కడ ఏం చేస్తుంది?

రబ్బరు ముక్కల్ని ఈ మధ్యే ఎక్కడో మార్పించాడట మావాడు. చూడ్డానికి నల్లగా, కొత్తగానే ఉన్నాయి. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని ఒక ముక్క మీది అచ్చు అక్షరాలు చదివాడు: 30ఆర్7. అది కార్బ్యురేటరు బళ్ల గొట్టం. ఇంజెక్షన్‌కి 30ఆర్9 ఉండాలి. దాని లోపలి పొర వేరు, పెట్రోల్లో కలిసిన ఇథనాల్‌ని తట్టుకుంటుంది. కాలిఫోర్నియా పెట్రోల్లో ఇథనాల్ 10 శాతం. మన దగ్గర 2025కి 20 శాతం దాకా వచ్చేసింది. విజయవాడలో మా ఇంటి వసారాలో ఒక పాత చేతక్ స్కూటరు ఉంది. దాని పెట్రోలు పైపు చివరిసారి ఎప్పుడు మార్చామో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

మావాడి మనసు మాత్రం షోకేసులోని స్టీలు అల్లిక గొట్టాల మీద, వాటి ఎరుపు నీలం ఫిట్టింగుల మీద ఉంది. పెద్దాయన పాత అల్లిక గొట్టం ఒకటి తెచ్చి అడ్డంగా కోసిన చోటు చూపించాడు. బయట వెండిలా మెరుస్తోంది, లోపలి రబ్బరు మాత్రం ఎండిన తాటాకులా పెళుసెక్కింది. మామూలు గొట్టం పగిలితే కంటికి కనిపిస్తుంది. ఇది కనబడనివ్వదు. పైగా ఆ అల్లిక దేనికి రాసుకుంటే దాన్ని రంపంలా కోసేస్తుంది. అందుకని ఆయన వాడేది లోపల టెఫ్లాన్ పొర ఉన్న రకం. ఆ పొర తెల్లగా కాక నల్లగా ఉండాలట. పెట్రోలు పారే రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది, ఉత్త టెఫ్లాన్ అయితే అది పోయే దారిలేక పొరలో సూదిమొనంత చిల్లు పొడుస్తుంది. నల్లదాంట్లో కలిపిన కార్బన్ ఆ విద్యుత్తుని బయటికి పంపేస్తుంది.

మిగతా పని చకచకా సాగింది. ఆరు రబ్బరు ముక్కలూ పోయి, ఇంజెక్టర్లు ఓ-రింగులతో నేరుగా కూర్చునే అల్యూమినియం రెయిలు వచ్చింది. పన్నెండు అతుకులు అక్కడితో సరి. కింద చాసీ వెంట పోయే అసలు ఉక్కు పైపు జోలికి ఆయన పోలేదు. బాగున్నదాన్ని మార్చడం డబ్బు దండగ అన్నాడు. ఇంజిన్ వైపు కొసలకి మాత్రం ఏఎన్ ఫిట్టింగులు బిగించాడు. రెండో ప్రపంచ యుద్ధంనాటి అమెరికా సైన్యం, నౌకాదళం విమానాల కోసం పెట్టుకున్న కొలతలవి. నంబరు పక్కన అంగుళంలో పదహారో వంతు అనుకుంటే లెక్క తెలిసిపోతుంది, ఐదో నంబరంటే ఐదు పదహారో వంతులు. త్రెడ్డుకి టెఫ్లాన్ టేపు చుట్టబోయిన మావాడి చేతిమీద ఆయన చిన్న దెబ్బ వేశాడు. పెట్రోలుని ఆపేది త్రెడ్డు కాదట, శంకువులా ఉన్న ముక్కు. త్రెడ్డు దాన్ని నొక్కి పట్టుకుంటుందంతే. టేపు పీలికలు ఊడిపోతే తిన్నగా ఇంజెక్టర్లో ఇరుక్కుంటాయి.

ఇంజిన్ వెయ్యకుండా పంపొక్కటే ఆడించాడు. ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం. అన్నీ పొడిగానే ఉన్నాయి, ట్యాంకు వైపుది తప్ప. ఆ కాగితం మీద రూపాయి బిళ్లంత తడి.

ఆ కొస మావాడు ఇంట్లో చేసుకొచ్చింది. పెద్దాయన ఏమీ అనకుండా విప్పి, ఫిట్టింగు ముక్కుకి నీలం మార్కరు రాసి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పాడు. బాగా కూర్చున్న అతుకైతే సిరా వెడల్పాటి పట్టీలా చెరిగిపోవాలి. ఇక్కడ వెంట్రుకంత సన్నని గీత ఒక్కటి గుండ్రంగా చెరిగింది.

"పైపు మూతి దేనితో విచ్చదీశావు?"

మావాడు డిక్కీలోంచి బ్రేకు పైపులకి వాడే ఫ్లేరింగ్ సామాను తీశాడు. అది పైపు మూతిని 45 డిగ్రీలకి విచ్చదీస్తుంది. ఏఎన్ ముక్కు 37 డిగ్రీలు. ఎనిమిది డిగ్రీల తేడా. ఈ సైజులో రెండింటి త్రెడ్డూ ఒకటే కావడం వాడి ఖర్మ. త్రెడ్డు ఎక్కకపోయి ఉంటే అప్పుడే ఆగిపోయేవాడు. సాఫీగా ఎక్కింది, బిగిసింది, కానీ కూర్చోలేదు. కారుతోందని ఇంకా బిగించాడట, ఇంకా కారిందట.

పెద్దాయన ఆ మూతిని కోసేసి, తన సామానుతో 37కి విచ్చదీశాడు. రెండు చుక్కలు నూనె వేసి బిగించాడు. మళ్లీ పంపు ఆడింది. టీ తాగొచ్చి చూస్తే కాగితం పొడిగా ఉంది. ఇంజిన్ వేసి, బాగా వేడెక్కాక ఆపి, ఇంకో అరగంట ఆగాం. వాసన లేదు. వేడికి పైపుల్లో పెట్రోలు ఆవిరై మళ్లీ స్టార్టు కాకపోవడం ఈ ఇంజిన్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. తర్వాత వచ్చిన 280 జెడ్ఎక్స్‌లో ఇంజెక్టర్లకి చల్లగాలి కొట్టే ఫ్యానే పెట్టారు. ఈ జబ్బుకి మాత్రం తన దగ్గర మందు లేదన్నాడు పెద్దాయన.

బయల్దేరేముందు మావాడి ఫ్లేరింగ్ సామాను బల్ల మీదే ఉండిపోయింది. ఆయన పిలిచి ఆపాడు. పిడి మీద తెల్ల పెయింటుతో పెద్దగా 45 అని రాసి, ఆరేదాకా ఊది, వాడి చేతిలో పెట్టాడు.