రెక్కమీది గుర్తు

తీరిక దొరకిన వేళల యుద్ధవిమానముల నమూనాలు చేయుట నాకు చిరకాలముగా అలవాటు. అసలు కొలతలో 72వ వంతుగా చేయు నమూనాలు నాకు మిక్కిలి ప్రీతి. స్పిట్‌ఫైర్ అను విమానము ఒక రెక్కకొన మొదలు రెండవ రెక్కకొన వఱకు 11 మీటర్లకు పైగా ఉండును. దాని నమూనా జానెడైనను ఉండదు.

ప్లాస్టిక్ ముక్కలను అతికించుట, రంగు పూయుట అభ్యాసముచే సులభమగును. అటుపిమ్మట గుర్తులు వేయవలెను. విమానము ఏ దేశపుదో, ఏ దళమునకు చెందినదో, దాని సంఖ్య యేదో తెలుపునవి అవియే. గుర్తులేని విమానము పేరులేని మనిషివంటిది. ఈ గుర్తులు వేయుటకు రెండు మార్గములు కలవు.

మొదటిది డెకాల్. ఫ్రెంచి భాషనుండి వచ్చిన పేరిది. గుర్తును పలుచని పారదర్శకమైన పొరగా అచ్చువేసి, నీటిలో కరగు జిగురుపూత గల కాగితముపై నిలిపెదరు. గోరువెచ్చని నీటిలో కొన్ని క్షణములుంచినచో జిగురు కరగి, పొర కదలును. దానిని తడికుంచెతో మెల్లగా రెక్కపైకి జార్చవలెను. మెఱుపులేని రంగు కంటికి నునుపుగా తోచినను నిజమునకు గరుకైనది. ఆ గరుకు సందులలో గాలి చిక్కుకొన్నచో, వెలుతురు పడగానే పొరక్రింద వెండివలె తళుక్కుమనును. కావున ముందుగా మెఱుగు వార్నిషు పూసి, అది ఆరిన తరువాత డెకాల్ అంటింపవలెను. పొరను మెత్తబఱచు ద్రవమొకటి కలదు. అది తగిలిన వెంటనే పొర ముడుతలు పడును. చూచువాని గుండె ఝల్లుమనును. వ్రేలితో సరిదిద్దవలెనని తోచును. తాకరాదు. కొంతసేపటికి అది తనంతట తానే సర్దుకొని, రేకుల అతుకుగీతలలోనికి సైతము దిగి నిలుచును.

రెండవది మాస్క్, అనగా ముసుగు. మన వాకిండ్లలో చిల్లుల అచ్చుపై పిండి రాల్చి ముగ్గు దించుట మీరు చూచియే యుందురు. ఇదియు అట్టిదే. జిగురుగల పలుచని కాగితమును గుర్తు ఆకారమున కత్తిరించి అంటించి, రంగును సన్నని తుంపరగా చల్లెదరు. మన వాయుసేన గుర్తులో వెలుపల కాషాయము, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ ఉండును. మొదట వృత్తమంతయు తెలుపు వేయవలెను. లేత రంగు ముదురు రంగును కప్పజాలదు. పిదప తెల్లని వలయమును, లోపలి బిందువును కప్పి వెలుపల కాషాయము చల్లవలెను. అది ఆరిన పిమ్మట బిందువును మాత్రము తెఱచి, తక్కినదంతయు కప్పి ఆకుపచ్చ చల్లవలెను. ముసుగు అంచు గట్టిగా అంటుకొననిచో రంగు దానిక్రిందికి ప్రాకును. ఇట్లు వేసిన గుర్తుకు పొర యుండదు. అది రెక్కలో ఒక భాగమే యగును. అయినను చీమతలవంటి అక్షరములను ముసుగుగా కత్తిరించుట చేతికి సాధ్యము కాదు. వాటికి డెకాలే శరణ్యము. కావున నేను పెద్ద గుర్తులకు ముసుగును, చిన్న అక్షరములకు డెకాల్‌ను వాడుదును.

ఒకనాడు నా మేనకోడలు ఈ పనిని చాలసేపు చూచి, “మామయ్యా! గోరంత గుర్తుకొఱకు ఇన్ని దినములా? వేఱొకటి వేసినచో ఎవరు కనిపెట్టుదురు?” అని అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. నేను చెప్పిన సమాధానమిది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు విమానముల గుర్తు నడుమ ఎఱ్ఱని బిందువుండెడిది. 1932లో ఏర్పడిన భారత వాయుసేనయు నాడు ఆ గుర్తునే ధరించెను. జపాను విమానముల గుర్తు ఎఱ్ఱని సూర్యబింబము. ఆకాశమున శత్రువో మిత్రుడో తేల్చుకొనుటకు దొరకు వ్యవధి కొన్ని క్షణములే. దూరమునుండి ఎఱ్ఱని చుక్క కనబడినచో మిత్రునిపైననే తుపాకి ప్రేలవచ్చును. అందుచే అమెరికనులు 1942లో తమ నక్షత్రములోని ఎఱ్ఱని బిందువును తొలగించిరి. తూర్పు రంగమున బ్రిటిషువారును అట్లే చేసిరి. బర్మాలో పోరాడిన మన విమానములపై ముదురు నీలము, లేత వన్నె మాత్రమే మిగిలెను. ఒక చుక్క చెఱపుట వలన ప్రాణములు దక్కినవి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కొంతకాలము ఆ స్థానమున అశోకచక్రము నిలిచెను. 1950లో త్రివర్ణ వలయము వచ్చెను. కనుక స్పిట్‌ఫైర్ ఒక్కటే యైనను, బర్మాలో ఎగిరినదానికి ఒక గుర్తు, గణతంత్ర భారతమున ఎగిరినదానికి మఱియొక గుర్తు. బర్మా విమానముపై త్రివర్ణము వేసినచో అందముగానే యుండును. కాని పరాయి పాలనలో ఉండి, తమ దేశపు గుర్తు రెక్కపై లేకుండగనే పోరాడిన మనవారి కథ చెఱగిపోవును.

నాట్ అను చిన్న విమానము నమూనా చేయునపుడు నాకు మఱియొక వీరుడు జ్ఞప్తికి వచ్చును. 1971 డిసెంబరు 14వ తేదీన శత్రువిమానములు శ్రీనగరు విమానక్షేత్రముపై దాడి చేయుచుండగా, ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నాట్ విమానమున పైకెగసి, ఒంటరిగా పోరాడి ప్రాణమర్పించెను. వాయుసేనలో పరమవీరచక్ర పొందినవాడు ఆయన యొక్కడే. ఆయన విమానముపై నుండినది కాషాయము, తెలుపు, ఆకుపచ్చల వలయము.

నా మేనకోడలు మాటాడలేదు. గుర్తు ఎండినదో లేదో వంగి చూచి, ముసుగు కాగితము కొనను పట్టకారుతో పట్టి మెల్లగా ఎత్తెను. అంచు ఎక్కడను చెదరలేదు.

చేతిపని నేర్పు చేతులకు మాత్రమే వచ్చునని తలంపరాదు. ఒక గుర్తు వేయుటకు ముందు అది ఏ సంవత్సరపుదో, ఎవరిదో తెలిసికొనవలెను. తెలిసినది తెలిసినట్లే వేయుటకు ఓర్పు వలయును. గతించినవారికి మనము చేయగల మర్యాద అంతకంటె వేఱొకటి లేదు.