టూ ఇన్ వన్ సారు

1980ల చివర్లో మా ఆత్మకూరు పిల్లలకు మిషన్లంటే జూరాల దగ్గరివే. కృష్ణ మీద డ్యామ్ పని సాగుతుండేది. అటు పోయొచ్చిన పెద్దలు చెబితే నోరెళ్లబెట్టి వినేవాళ్లం. బడిలో మాత్రం సుద్దముక్క, పలక, బెత్తం, అంతే.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత ప్రైమరీ బడులకు రేడియో, క్యాసెట్ ప్లేయరు కలిసున్న టూ ఇన్ వన్‌లు, అప్పర్ ప్రైమరీ బడులకు కలర్ టీవీలు ఇచ్చే పథకం వచ్చింది. అట్లా మా బడికీ ఒక టూ ఇన్ వన్ చేరింది. చేరి నేరుగా బీరువాలోకి పోయింది. పాడైతే జవాబు చెప్పుకోవాల్సింది పెద్దసారే కదా! ఇన్‌స్పెక్షన్ నాడు మాత్రం బల్ల మీదికి వచ్చేది.

దాన్ని విడిపించింది మా నాలుగో తరగతి సారు. "మూలకు పెడితె మిషిన్ మంచిగనే ఉంటది సార్, పిల్లలే కరాబైతరు" అని పెద్దసారుతో అన్న మాట వరండాలో ఉన్న మాకూ వినపడింది.

మొదట రేడియో పాఠం పెట్టాడు. అది మా స్టేజీలో ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సులా వెళ్లిపోయింది. మాకు అర్థమైందో లేదో దానికేం తెలుసు? సారు రేడియో పక్కనబెట్టి క్యాసెట్ పట్టుకున్నాడు. కథ మంచి పట్టులో ఉండగా టక్కున ఆపేవాడు. "ఇగ ఏమైతది? చెప్పుండ్రి." మేం తలా ఒకటి చెప్పి, కొట్లాడుకుని, చివరికి "పెట్టుండ్రి సార్" అని బతిమాలితేగానీ మళ్లీ నొక్కేవాడు కాదు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు కనుక సెల్లులే దిక్కు. అవి అరిగితే ఎండలో పెట్టేవాళ్లం. రీలు వెనక్కి తిప్పడానికి పెన్సిలు.

దీపావళి తర్వాత కురుమూర్తి జాతర. సారు ఖాళీ క్యాసెట్ వేసుకుని పోయి, చిన్న వడ్డెమాన్ నుంచి స్వామి ఉద్దాలు (పాదుకలు) వచ్చేటప్పటి డప్పులు, అంగళ్ల కేకలు రికార్డు చేసుకొచ్చాడు. తరగతిలో పెట్టి, ఒక్కో చప్పుడు దగ్గర ఆపి, ఏమిటో రాయమన్నాడు. బొరుగులమ్మే గొంతు రాగానే వెనక వరసలో ఒక పిల్లవాడు లేచి "మా అమ్మ!" అన్నాడు. అంతకుముందు వాడు క్లాసులో నోరు విప్పడం అరుదు.

నేను పెద్దయ్యాక తెలిసింది: 1975-76లో ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపారట. ఉదయం బడిపిల్లలకు తెలుగులోనూ వచ్చేవి. ఆకాశం నుంచి పాఠం రావడం గొప్పే. దాన్ని ఆపే మీట మాత్రం సారు చేతిలో లేదు.

ఇప్పుడు మా జిల్లా వనపర్తి. డిజిటల్ తరగతులు కూడా ఉన్న 'మన ఊరు - మన బడి' పథకం 2022 మార్చి 8న ఆ పట్టణంలోనే మొదలైంది. మా మేనకోడలూ టీచరే. గుండె గురించిన వీడియోను మధ్యలో ఆపి, పిల్లలందరి చేత మణికట్టు పట్టించి నాడి లెక్కపెట్టించిందట. చిన్న వీడియోకి పీరియడంతా పట్టింది. "సిలబస్ ఎనకబడ్తది మామా" అని నవ్వింది.

మా సారునూ అదే మాట అనేవాళ్లు. ఆ ఏడు పుస్తకంలో చివరి పాఠాలు మిగిలిపోయాయి నిజమే. కానీ చెవిపెట్టి వినడం, మధ్యలో లేచి అడగడం మాకు ఆ ఏడే వచ్చాయి.