గూడబాతులను చూడవలెనంటే జనవరిలో బయలుదేరండి

క్రిస్మస్ ఆరాధనలు, సంవత్సరాంతపు రాత్రి కూడిక, కొత్త సంవత్సరపు గృహ దర్శనములు అన్నీ ముగిసేసరికి జనవరి మొదటి వారము దాటిపోతుంది. మా వంటి కుటుంబములకు సెలవు అంటే ఆ తరువాత వచ్చే నాలుగు రోజులే. పిల్లలకు సంక్రాంతి సెలవులు కూడా అప్పుడే గనుక ఎక్కడికైనా తీసుకువెళ్లమని ప్రతి ఏటా అడుగుతారు. మేము ప్రతి ఏటా బంధువుల ఇంటికే తీసుకువెళ్తాము.

ఈసారి మా చిన్నమ్మాయి బడిలో గూడబాతు బొమ్మ గీసి తెచ్చింది. ఎనభై దాటిన మా నాన్నగారు ఆ కాగితము కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, "దీని ముక్కు కింద సంచి ఇంకా పెద్దగా ఉంటుందమ్మా. నేను చేత్తో పట్టుకున్నాను" అన్నారు.

నలభై ఏళ్లు దాటిన నాకు ఈ సంగతి తెలియదు. నాన్నగారిది పశ్చిమ గోదావరిలో ఉండి దగ్గర పల్లె. ఆ ప్రాంతములోని ఆరేడు గ్రామములో ఒకప్పుడు గూడబాతులు చెట్ల మీద గూళ్లు పెట్టేవి. కె. కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు వాటిని చూసి 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసము రాశారు. తరువాతి కాలములో పక్షులు ఆ చోటు విడిచి వెళ్లిపోయాయి. నాన్నగారు చెప్పినది మాత్రము వేరు. గూటిలోనుంచి కిందపడిన పిల్లను తనూ, తన ఈడు పిల్లలూ కాలికి తాడు కట్టి వీధి వీధీ తిప్పారట. మూడో రోజుకి అది చచ్చిపోయింది. "దానికి చేపలు పెట్టాలని మాకెవరికీ తోచలేదురా" అని ఊరుకున్నారు. కాసేపటికి, "ఇప్పుడెక్కడన్నా ఉన్నాయంటావా?" అని అడిగారు.

ఆయనకు ఒక కంటికి శుక్లము తీసి చాలా ఏళ్లయింది. రెండవ కన్ను గ్లకోమాతో తగ్గిపోతూ ఉన్నది. వచ్చే ఏటికి చూపు ఎంత మిగులుతుందో డాక్టరు గారు కూడా చెప్పలేకపోయారు. అందుచేత ప్రయాణము ఈ జనవరిలోనే అని నిశ్చయించుకున్నాము.

మీలో ఎవరైనా ఇలాగే వెళ్లదలచుకుంటే మేము చేసిన ఏర్పాట్లు చెబుతాను, పొరపాట్లతో సహా.

ముందు మీకు దగ్గరలో ఏమున్నదో చూసుకోండి. శ్రీకాకుళము వారికి టెక్కలి దగ్గర తేలినీలాపురము ఉన్నది. అక్కడ పక్షులు ఊరిలోని చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి, వాటిని ఎవరూ కదిలించరు. గుంటూరు వారికి ఉప్పలపాడు చెరువు, కాకినాడ వారికి కోరింగ మడ అడవులు. మాకు దగ్గర కొల్లేరు గనుక మొదటి పూట కైకలూరు పక్కనున్న ఆటపాకకు వెళ్లాము. చెట్లు చాలనందున అటవీ శాఖవారు నీళ్లలో ఇనుప స్టాండులు నిలబెట్టారు. గూడబాతులు వాటి మీదే గూళ్లు కట్టుకుని ఉన్నాయి. ఇనుము మీద గూడు చూడటానికి కొంచెము వింతగానే ఉంటుంది గాని, పక్షికి ఆ పట్టింపు ఉన్నట్లు లేదు.

కొల్లేరును 1999లో అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వము కొట్టివేయించింది. ఆ చెరువులు తవ్వినవారిలో మా బంధువులూ ఉన్నారు, అప్పులపాలైనవారూ ఉన్నారు. సరస్సు నిండా గట్లు వేస్తే నీరు ఎటు పోవాలన్నది నిజమైన ప్రశ్న. గట్టు తెగిన కూలివాడు ఏమి తినాలన్నదీ నిజమైన ప్రశ్నే. ఆటపాకలో పడవ ఎక్కినప్పుడు ఈ రెండూ నాకు గుర్తుకు వచ్చాయి.

ఆటపాకలో నాన్నగారికి పక్షులు తెల్లటి మచ్చలుగా మాత్రమే కనబడ్డాయి. పొరపాటు నాదే. పిల్లల ఆటవస్తువుల దుకాణములో కొన్న బైనాక్యులర్ తీసుకువెళ్లాను. అందులో చూస్తే ఒకటి రెండుగా కనబడుతుంది. మీరు అలా చేయవద్దు. దాని మీద 8×40 అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో ఆ లెక్క, 40 అంటే ముందరి అద్దము వెడల్పు మిల్లీమీటర్లలో. రెట్లు మరీ ఎక్కువైతే చేయి వణికిన కొద్దీ బొమ్మ వణుకుతుంది, ముసలివారికి అసలు పనికిరాదు. మాకు చివరికి ఒక ఉపాధ్యాయుడు తనది అరువు ఇచ్చారు.

ఆ రాత్రి రైలులో దక్షిణానికి వెళ్లాము. సూళ్లూరుపేటలో దిగితే బస చేయటానికి లాడ్జీలు ఉంటాయి. చెన్నై నుంచి అక్కడి వరకు లోకల్ రైళ్లు కూడా నడుస్తాయి. ఒకప్పుడు నెల్లూరు జిల్లాగా ఉన్న ఈ ప్రాంతము 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నది. పండుగ రోజుల్లో గది దొరకదు గనుక ముందే మాట్లాడుకోవాలి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసిన సరస్సుల్లో మన దేశములో చిలికా తరువాత పెద్దది ఇదే. రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది. జనవరిలో సూర్యుడు రోజంతా దక్షిణానికి ఒరిగి ఉంటాడు గనుక ఉత్తరము వైపు నీళ్లు చూడండి, వెలుగు మీ వెనుక నుంచి పడుతుంది. దక్షిణము వైపు చూస్తే అన్నీ నల్లటి నీడలే. రోడ్డు చివర రాకెట్ కేంద్రము గేటు వస్తుంది. అనుమతి లేనివారు అక్కడ నుంచి తిరిగి రావలసినదే.

రాజహంసలని మనవారు పిలిచే ఫ్లెమింగోలకు మోకాలిలోతు నీరు కావాలి. తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, ముక్కులోని జల్లెడ వంటి అమరికతో బురదలోని చిన్న చిన్న జీవులను వడకట్టుకుని తింటాయి. వాటి గులాబి రంగు ఆ తిండి నుంచి వచ్చినదే. వానలు ఎక్కువైన ఏడు నీరు లోతెక్కి అవి దూరముగా ఉండిపోతాయి. నీరు ఎండిపోతే అసలు ఉండవు. మేము వెళ్లిన ఉదయము ఒక్కటీ దగ్గరకు రాలేదు. సముద్రము కలిసే ముఖద్వారములు ఇసుకతో పూడుకుపోతే సరస్సు పాడవుతుందని, చేపలు తగ్గుతాయని రోడ్డు పక్క వల బాగుచేసుకుంటున్న ఒకాయన చెప్పారు. పక్షుల కోసము వచ్చినవారు తమను కూడా ఒకసారి అడిగితే బాగుండునని ఆయన నవ్వుతూనే అన్నారు.

ఒక మాట. ఇక్కడ ఏ పక్షిని అడిగినా సైబీరియా నుంచి వచ్చిందని చెబుతారు. సూదితోక బాతుల వంటివి చలికి ఉత్తర ఆసియా నుంచి వచ్చే మాట నిజమే. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మాత్రము మన దేశపువే. ఫ్లెమింగోలు పిల్లలు చేసేది గుజరాత్‌లోని కచ్ ఎడారిలో. పిల్లలకు తప్పు చెప్పవద్దు.

అసలు చూడవలసినది నేలపట్టు. దొరవారిసత్రము దగ్గర జాతీయ రహదారి దిగి కొద్ది దూరము వెళ్తే చెరువు, ఆ నీళ్లలోనే నిలబడి ఉండే కడప చెట్లు. దీనిని 1976లో పక్షుల అభయారణ్యము చేశారు. అక్టోబరు నుంచి మార్చి వరకు గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటి కాకులు ఒకే చెట్టు మీద అంతస్తులుగా కాపురముంటాయి. గూడు ఇక్కడ, వంట పులికాట్‌లో అన్నట్లు గూడబాతులు అంత దూరము ఎగిరిపోయి చేపలు తెస్తాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు వంటిది. ఊరివారు వాటిని కాపాడటానికి ఈ మేలు కూడా ఒక కారణము.

ఇక్కడ పెద్దగా అరవకూడదు. మెరిసే ఎర్ర చీరలు, పసుపు చొక్కాలు పెట్టెలోనే ఉంచండి. రాళ్లు వేసి పక్షులను లేపితే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు అప్పగించినట్లే. సాయంత్రము నాలుగు తరువాత వెళ్తే తల్లిపక్షులు వరుసగా దిగటము చూడవచ్చు.

మేము నాలుగున్నరకు వెళ్లాము. నాన్నగారిని చెరో చేయి పట్టుకుని గట్టు మీదకు నడిపించి, అరువు తెచ్చిన బైనాక్యులర్ ఆయన మంచి కంటికి సరిచేసి ఇచ్చాను. ఎదుటి చెట్టు మీద గూడబాతు వచ్చి వాలింది. దాని పిల్ల తల మొత్తము తల్లి ముక్కు సంచిలోకి దూర్చివేసింది. బయట రెక్కలు మాత్రమే కొట్టుకుంటున్నాయి.

నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత పక్కనున్న అటవీ శాఖ కాపలాదారుని అడిగారు. "బాబూ, కిందపడితే ఎవరు చూస్తారు వీటిని?"

"కనబడితే మేమే తీస్తాము తాతగారూ. అన్నీ బతకవు."

ఆయన తల ఊపి మళ్లీ బైనాక్యులర్ ఎత్తారు. పిల్లలు వంతు కోసము ఎదురుచూస్తున్నారని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. "ఇస్తానమ్మా" అన్నారు గాని, చీకటిపడేదాకా ఇవ్వలేదు.