తెల్ల కారు, నల్ల ధూళి

రాయ్‌పూర్ ఉత్తర శివార్లలో, అంటే రైల్వే వ్యాగన్ మరమ్మతు కర్మాగారం, భన్‌పురి, బీర్‌గావ్ చుట్టుపక్కల కాపురం ఉంటూ తెల్ల కారు కొనాలంటే కాస్త గుండె ధైర్యం కావాలి. రాత్రి తుడిచి పడుకుంటే తెల్లారేసరికి బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు. రాసిన వేలు నల్లబడుతుంది. అక్కడివాళ్లు దాన్ని 'కాలీ ధూల్' అంటారు. అయినా ఆ రైల్వే ఉద్యోగి తెల్ల కారే కొన్నారు, భార్యకు ఆ రంగు ఇష్టం కాబట్టి. ఆయన తాతది విజయనగరం దగ్గర పల్లె. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయ్యాక, ఆ దారి పట్టుకుని పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాల్లో వారిదొకటి.

కారుకు సిరామిక్ కోటింగ్ వేయిస్తే ధూళి అంటదని షోరూంలో చెప్పారు. ధర పాతిక వేలన్నారు. ఆయన ఇంటికొచ్చి లెక్కలు వేసుకుని, దానిలో పదో వంతు ఖర్చుతో అరచేతిలో ఇమిడే సీసా, మైక్రోఫైబర్ గుడ్డలు, ఐరన్ రిమూవర్ అనే స్ప్రే తెప్పించుకున్నారు. మే నెలలో ఒక శని, ఆదివారాలు ఆ పనికి కేటాయించారు.

అసలు పని సీసా మూత తీయడానికి చాలా ముందే మొదలవుతుంది. ముందు కారు కడగాలి. తర్వాత ఐరన్ రిమూవర్ చల్లాలి. రంగులో గుచ్చుకుపోయిన ఇనుప రేణువులతో అది కలిసిన చోట వంకాయ రంగు నీరు కారుతుంది. బ్రేకుల పొడి వల్ల చక్రాల దగ్గర అలా కారడం ఎక్కడైనా మామూలే. ఇక్కడ మాత్రం కొని మూడు వారాలైనా కాని కారుకు పైకప్పు నుంచి, బానెట్ నుంచి కూడా వంకాయ రంగు చారలు దిగాయి. చూస్తున్న భార్య, "ఏమండీ, రంగు పోతోందా?" అని కంగారు పడ్డారు. పోతున్నది రంగు కాదు, ఇనుము. నేలమీద రాలిన నల్ల పొడి దగ్గర అయస్కాంతం పెట్టి చూపిస్తే గానీ ఆమె నమ్మలేదు.

ఆ ఇనుము ఎక్కడిదో రాయ్‌పూర్‌లో పిల్లలకూ తెలుసు. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో బొగ్గుతో నడిచే స్పాంజ్ ఐరన్ కర్మాగారాలున్నాయి. నెమ్మదిగా తిరిగే పొడవాటి కొలిమిలో ఇనుప ఖనిజాన్ని, బొగ్గును కలిపి దాదాపు 1,000 డిగ్రీల వేడిలో కాలిస్తే ఖనిజంలోని ఆక్సిజన్ పోయి ఇనుము మిగులుతుంది. బూడిద, సగం కాలిన బొగ్గు, ఇనుప రజను పొగగొట్టం దారి పడతాయి. వాటిని విద్యుత్ క్షేత్రంతో లాగి పట్టే యంత్రాలు ఉండాలి, నడవాలి. కరెంటు ఆదా కోసం రాత్రిళ్లు వాటిని ఆపేస్తారన్నది ఏళ్లుగా వినిపిస్తున్న ఆరోపణ. కేంద్రం 2019 జనవరిలో ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని నగరాలుగా ఛత్తీస్‌గఢ్ నుంచి రాయ్‌పూర్, భిలాయ్, కోర్బా చేరాయి. 2017తో పోలిస్తే 2024 నాటికి ధూళి 20-30 శాతం తగ్గాలన్నది మొదటి లక్ష్యం. తర్వాత అది 2026కు 40 శాతంగా మారింది. పొగగొట్టం యజమానితో మాట్లాడే దారి దొరకని పౌరుడు తన బానెట్‌తో తాను మాట్లాడుకుంటాడు. సీసాల వ్యాపారం నడిచేది అక్కడే.

కోటింగ్‌కు ఎండ పనికిరాదు. మే మధ్యాహ్నం రాయ్‌పూర్‌లో 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు, ఎండలో ఉన్న రేకు మీద మందు రాసీ రాయకముందే ఎండి మచ్చ కడుతుంది. అందుకని ఆయన ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకే మొదలుపెట్టారు. మూరెడు చదరం చొప్పున అడ్డంగా, నిలువుగా రాయడం, నూనె తేలినట్టు ఇంద్రధనుస్సు మెరుపు రాగానే గుడ్డతో తుడిచేయడం. సిలికాన్ సమ్మేళనాలు గాలిలోని తేమతో కలిసి గాజులాంటి పలచటి పొరగా గట్టిపడతాయి. పొర మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. పెట్టె మీద '9హెచ్' అని ఉంటే వజ్రానికి దగ్గర అనుకునేవారున్నారు. అది పెన్సిల్‌తో గీసి చూసే కాఠిన్యం లెక్క. గులకరాయి తగిలితే రంగు లేస్తుంది.

మందు ఘాటుకు ఆయన మాస్కు పెట్టుకున్నారు. మేడ మీద చీపురు పట్టేటప్పుడు ఆ ఇంట్లో ఎవరూ పెట్టుకోరు.

రాసిన పొర ఒక రోజంతా తడవకూడదు, దుమ్ము పడకూడదు. ధూళి దిగేదే రాత్రి. పోర్టికో మూడు వైపులా తల్లి పాత చీరలు కట్టారు. చీరలు కడుతూ ఆమె అడిగారు, "ఒరే నాన్నా, ఆ మిగిలిన మందు మేడ మీద గచ్చుకు రాయకూడదూ? ఈ ఏడన్నా వడియాలు పెట్టుకుంటాను." నాలుగేళ్లుగా ఆమె మేడ మీద ఏదీ ఎండబెట్టడం లేదు. "అది కారుకేనమ్మా" అన్నారు కొడుకు. తెల్లారేసరికి చీరలు బూడిద రంగుకు తిరిగాయి.

వారం తర్వాత మొదటిసారి కడిగినప్పుడు తేడా తెలిసింది. ధూళి పడటం మానలేదు, షోరూం మాట ఆ మేరకు అబద్ధం. కానీ నీటి ధార తగిలితే పట్టు విడిచి జారిపోతోంది. పొడిగుడ్డతో తుడిస్తే మాత్రం ఇనుప రజను ఉప్పుకాగితంలా గీస్తుంది, పొర ఉన్నా సరే. అంటే రోజూ నీళ్లు కావాలి. వేసవిలో బోరు సన్నగిల్లే కాలనీలో అది చిన్న ఖర్చు కాదు. బోరు నీటి ఉప్పు ఎండితే ఆ మచ్చలు మరో తలనొప్పి.

ఎదురింటి కుర్రాడు వచ్చి, "అన్నా, నా బైకుకు కూడా రాస్తారా?" అని అడిగాడు. సీసాలో కాస్త మిగిలే ఉంది, ఒకసారి తెరిచాక అదెలాగూ గట్టిపడిపోయేదే. సరేనన్నారు. ఐరన్ రిమూవర్ మాత్రం మొత్తం కారుకే అయిపోయింది, ముందు అది తెచ్చుకోమన్నారు.