తాబేలు గీసిన తారా, రెండు ముక్కలైన పేరు



ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు మొదట్లో రెండు రకాల మష్ఖ్‌లు ఇస్తారు. ఒకటి బొమ్మ గీయడం. రెండోది అక్షరాల వరుసను ముక్కలు చేసి, అందులోంచి కావాల్సింది తీయడం. ఇంటర్ చదివే మా భతీజీ సెలవులకు వేములవాడ వచ్చి, పాత ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ చేస్తోంది. పక్కన కూర్చుని నేనూ నేర్చుకుంటున్నాను. ఇల్మ్‌కు ఉమర్‌తో పనేముంది!

బొమ్మల పని పైథాన్‌లోని ‘టర్టిల్’తో. తెర మీద ఒక తాబేలు ఉంటుంది. 100 అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు అని నాలుగుసార్లు హుకుం ఇస్తే చతురస్రం గీస్తుంది. 1967లో మొదలైన ‘లోగో’ భాష వల్ల పేరుపొందిన తాబేలు ఇది. ఆ భాషను తయారుచేసిన వాళ్లలో ఒకరైన సేమూర్ పాపర్ట్, పిల్లలు తామే తాబేలు అనుకుని నడిచి చూడాలనేవారు. మా పిల్ల వాకిట్లో నిజంగానే నడిచింది. ప్రతి అడుగు తర్వాత 135 డిగ్రీలు తిరుగుతూ ఎనిమిదిసార్లు నడిస్తే బయల్దేరిన చోటికే చేరాం. అదే హుకుం తాబేలుకు ఇస్తే, మసీదు జాలీల మీద కనిపించేలాంటి ఎనిమిది కోణాల తారా తెర మీదికొచ్చింది. దాదీ చూసి “మాషా అల్లాహ్” అంది. సిరిసిల్ల సాంచాల మీద చీర అంచులో పువ్వు వచ్చే తరీఖా కూడా ఇదే. హుకుం ఒకటే, అమలు మళ్లీ మళ్లీ.

అక్షరాల దగ్గరికొచ్చేసరికి హైరానా మొదలైంది. ‘వేములవాడ’లో ఎన్ని అక్షరాలని అడిగితే పైథాన్ 8 అంది. మనకు ఐదే. గుణింతపు గుర్తులను అది విడిగా లెక్కపెడుతుంది. సరే, నవ్వుకున్నాం.

తర్వాతి సవాల్: పేరును ఖాళీ ఉన్నచోట విడగొట్టు, మొదటి ముక్క పేరు, చివరి ముక్క ఇంటిపేరు. దానికి ‘స్ప్లిట్’ అనే ఒక్క మాట చాలు. పిల్ల వాళ్ల అబ్బా పేరే ఇచ్చింది. అసలు పేరు ఇక్కడ రాయను, మహమ్మద్ అబ్దుల్ కరీం అనుకోండి. జవాబు: పేరు మహమ్మద్, ఇంటిపేరు కరీం. అబ్దుల్ గాయబ్! అబ్దుల్ కరీం అంటే కరీం అయిన అల్లాహ్‌కు బందా. రెండూ కలిస్తేనే మానీ. స్కూలు రిజిస్టర్లలో రాసినట్టు ‘ఎండి.అబ్దుల్ కరీం’ అని చుక్క తర్వాత ఖాళీ లేకుండా ఇస్తే, పేరు ‘ఎండి.అబ్దుల్’ అయింది. ఇంటిపేరు ముందు రాసుకునే మన తెలుగు పడోసీల పేర్లూ ఈ ఖాయిదాలో తలకిందులే.

పిల్ల నవ్వలేదు. వాళ్ల అబ్బా గల్ఫ్‌లో ఉంటాడు. పాస్‌పోర్టు గడుల్లో పేరు రెండు ముక్కలైంది. అక్కడ అందరికీ ఆయన ఉత్త ‘అబ్దుల్’. జగిత్యాల, కోరుట్ల ఖాందాన్‌లకు ఇది కొత్త సంగతి కాదు. 2022 నవంబర్‌లో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరున్న వాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమంది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఖాందానీ పేరో ఉంటే చాలని తర్వాత వివరించింది. ఎక్కడ ఖాళీ ఉంది, ఏ ముక్క ఏ గడిలో పడింది అనే దాని మీద ఒక మనిషి రోజీ ఆగిపోవచ్చు.

మా పిల్ల ఖాయిదా మార్చింది. మొదట మహమ్మద్, ఎండి, షేక్, సయ్యద్ ఉంటే పక్కన పెట్టు. అబ్దుల్ వస్తే తర్వాతి మాటను దానికి కలుపు. “మరి ఒక్క మహమ్మద్ అనే పేరున్న వాళ్లు ఏమైపోవాలి చాచా?” అని తనే అడిగింది. చివరికి ఒక ప్రశ్న చేర్చింది: మిమ్మల్ని ఏమని పిలవాలి? మనిషి చెప్పిందే రాసుకుంటుంది.

మీ ఇళ్లల్లో పిల్లలు ఈ మష్ఖ్ చేస్తుంటే, కితాబులో పేర్లు వదిలి మన ఖాందాన్ పేర్లు ఇచ్చి చూడమనండి. రేపు ఆ గడులు తయారుచేసే పనిలో వాళ్లూ ఉంటారు, ఇన్‌షా అల్లాహ్. అబ్బా పేరు ఎక్కడ తెగుతుందో వాళ్లకు యాద్ ఉండాలి.