ఇంటిపేరు అడగని గది

బెజవాడలో బ్రాందీ షాపు ఎక్కడుందని ఎవర్నీ అడగనక్కర్లేదు. తాగుడు మానేసినవాళ్లు కలిసి కూర్చునే గది ఎక్కడో అడగాలంటే మాత్రం గొంతు పెగలదు. సొంత ఊళ్లో అయితే మరీనూ. గుడివాడ, అవనిగడ్డ వైపు మనిషి ఎవరూ ఎరగని నగరంలోనే ఆ గది వెతుక్కుంటానంటే తప్పేముంది?

అలాంటి గదుల్లో కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైంది. తాగుడుకు బానిసలైన ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను కూర్చుని మాట్లాడుకున్నారు, అంతే. సభ్యత్వానికి రుసుం లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇంటిపేరు అడగరు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన దగ్గర ఇంటిపేరు చెబితే కులం, ఊరు, మేనమామ ఎవరన్నదాకా లాగుతారు కదా! అక్కడ ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వింటారు. ఇంట్లో నీతులు విని విని విసిగినవాడికి అదే పెద్ద ఊరట.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. షాపు మూయించడం ఉద్యమానికి సాధ్యమే. చుక్క లేకుండా సాయంత్రం గడపడమెలాగో చెప్పాల్సింది మాత్రం అలా గడిపినవాడే.

ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరును కలవండి. దారి తెలియకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, ఉచితం. ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే సమావేశాలున్నాయి.