నాలుగేళ్ల లెక్క

అనంతపురం కరువు గురించి రాసినవాళ్లు ఎండిపోయిన బోర్ల గురించి, సంతకు తోలిన ఎద్దుల గురించి, రాత్రి బస్సుకు బెంగళూరు పోయే మనుషుల గురించి రాశారు. బాగా రాశారు. నాకు మాత్రం కొన్నేళ్లుగా కరువు ఎక్కువగా కనిపిస్తున్నది ప్లాస్టిక్ ఫైళ్లలో. ఇంటర్ చదివే పిల్లలు చంకలో పెట్టుకుని తిరిగే ఫైళ్లు. పైన పదో తరగతి మెమో, దాని కింద ఆధార్ జిరాక్సులు, కుల ధ్రువీకరణ, రేషన్ కార్డు, ఎక్కడో అడుగున మడతలు పడిన ఒక టీసీ. వరసగా చదివితే ఏ ఏడు వాన పడలేదో, ఏ ఏడు ఇంటికి తాళం వేశారో తెలిసిపోతుంది.

నేను ఒక బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. ఆదివారాలు మా వరండాలో పిల్లలు కూర్చుంటారు. మొదట ఎదురింటి వాచ్‌మన్ కొడుకు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టమని వచ్చాడు. మరుసటి ఏడు వాడి స్నేహితులు వచ్చారు, ఆ తర్వాత వాళ్ల చెల్లెళ్లు. అందరూ జూన్, జూలైల్లోనే వచ్చేవాళ్లు. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. కాలేజీల పేర్లు ఒక వరసలో పెట్టి, ఫ్రీజ్ చేసి, మెసేజ్ కోసం ఎదురు చూడడమే. ఆ నెలలో ముంచే సమస్యలన్నీ ఏడాదిన్నర ముందే ఆ ఫైల్లో ఉంటాయి. అందుకే ఇప్పుడు సీనియర్లకన్నా జూనియర్ల మీద నా ధ్యాస.

జూనియర్ ఇంటర్ ఎవరికీ పట్టని సంవత్సరం. పది భయం అయిపోయి ఉంటుంది, సీనియర్ భయం ఇంకా మొదలవదు. కార్పొరేట్ కాలేజీ పిల్లలకు ఈ తీరిక ఉండదు, వాళ్లకు హైస్కూల్ నుంచే ఐఐటీ బెత్తం మొదలవుతుంది. నేను చెప్పేది ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో, కేజీబీవీల్లో, గురుకులాల్లో చదివే పిల్లల సంగతి. వాళ్లకు లెక్కలు చెప్పేవాళ్లు దొరుకుతారు. ఫిజిక్స్ యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఫైలు చూసేవాళ్లే దొరకరు.

ముందుగా చూసేది పేరు. ఆధార్‌లో ‘నాయక్’ ఉంటుంది, మెమోలో ఉండదు. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. అమ్మ పేరు రేషన్ కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి. ఆ అమ్మను అడిగితే రెండూ తన పేర్లేనంటుంది, నిజమే కదా. పుట్టినరోజుల సంగతి వేరే. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది జూన్‌లో పుట్టినవాళ్లు. బడిలో చేర్చుకునే రోజు ఐవారు వేసిన తేదీలు అవి. పదో తరగతి మెమోలో పడ్డాక ఆ తేదీయే జన్మదినం, ఆ పేరే పేరు. మిగతా కాగితాలన్నీ దానికి సరిపోవాలి. ఆధార్ సవరణకు, సచివాలయంలో ఆదాయ ధ్రువీకరణకు, మండలాఫీసులో సంతకానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. జూనియర్‌లో మొదలుపెడితే సెలవు రోజుల్లో అయిపోయే పని. జూన్‌లో మొదలుపెడితే, ఆ నెలలోనే శెనక్కాయ విత్తనం కొనాలి, వాన పడితే దుక్కి చేయాలి. నాయన పొలంలో ఉంటాడు, సంతకం కావాల్సింది ఆయనదే. సీట్ల కాలం, విత్తు కాలం ఒకేసారి రావడం ఇక్కడి పిల్లలకు పుట్టుకతో వచ్చిన శాపం.

తర్వాత కులం గడి. అనంతపురం జిల్లాకు కర్ణాటకతో పొడుగాటి సరిహద్దు. మడకశిర వైపు పోతే ఏ ఊరు ఏ రాష్ట్రానిదో బోర్డు మీది లిపి చూసి తెలుసుకోవాలి. మనుషులు, పెళ్లిళ్లు, గొర్రెల మందలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. జాబితాలు మాత్రం తిరగవు. లంబాడీలు, అంటే సుగాలీలు, ఆంధ్రలో ఎస్టీ. అదే బంజారా తండా కర్ణాటకలో ఉంటే ఎస్సీ. బోయవాళ్లు ఇక్కడ బీసీ-ఏ, అక్కడ వాల్మీకి నాయకులు ఎస్టీ. ఒకే అవ్వ మనవళ్లు ఇద్దరు రెండు గడుల్లో టిక్కు పెడతారు. కేంద్ర సంస్థలకు రాసే బీసీ పిల్లలకైతే ఇంకో తిరకాసు: రాష్ట్రం ఇచ్చే మామూలు కుల పత్రం చాలదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది. ఈ మాట మొదటిసారి విన్న పిల్లల మొహాలు ఒకేలా ఉంటాయి. “మాకు కులం ఉండాది కదక్కా, మళ్లా ఏంటికి?”

ఇవన్నీ తిరిగితే తీరే సమస్యలు. తిరిగినా తీరనిది ఒకటుంది. దాని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కళ్యాణదుర్గం వైపు ఒక తండా నుంచి ఒక అమ్మాయి పోయినేడు వచ్చింది. జూనియర్ ఎంపీసీ. చురుకైన పిల్ల, కాస్త తొందరగా మాట్లాడుతుంది. అందరినీ అడిగినట్టే ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు వరసగా పెట్టమన్నాను. ఆరు, ఏడు పక్కూరి హైస్కూల్లో. ఎనిమిది, తొమ్మిది దగ్గర కాగితాలు కన్నడంలో ఉన్నాయి. ఏడు అయిపోయిన ఎండాకాలంలో అమ్మానాయనలు బేల్దారు పనికి బెంగళూరు పోయారు. కడుతున్న అపార్ట్‌మెంటు పక్కనే రేకుల షెడ్డు, ఆ దగ్గర్లో ప్రభుత్వ పాఠశాల. పదికి అవ్వ దగ్గరికి వెనక్కి వచ్చింది, ఎందుకంటే పబ్లిక్ పరీక్ష తెలుగులో రాయాలనుకుంది.

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. పది, జూనియర్, సీనియర్. మూడు.

కావాల్సింది నాలుగు. కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులవి. స్థానికత అంటే ఇంటర్ పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. మన ప్రాంతం శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. అనంతపురం నుంచి నెల్లూరు దాకా అన్నీ అందులోకే వస్తాయి. తొమ్మిది నెల్లూరులో చదివి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. దానికన్నా దగ్గరగా ఉన్న బెంగళూరులో చదివింది కాబట్టి ఇబ్బంది. ఆ నియమంలో ఇంకో వాక్యం ఉంది. ఆ నాలుగేళ్లలో ఏ బడిలోనూ చదవకుండా ఉన్న కాలం ఉంటే, అప్పుడు ఆ ప్రాంతంలో నివాసం ఉన్నా స్థానికులే. అంటే ఆ పిల్ల తొమ్మిదో తరగతి ఏడాది అవ్వతో పాటు తండాలో మేకలు కాసుకుంటూ, తర్వాత ప్రైవేటుగా పది కట్టి ఉంటే ఇప్పుడు లోకల్. బెంగళూరు పోయి బడి మానకుండా చదివింది కాబట్టి నాన్‌లోకల్.

ఇది ఎవరో దుర్మార్గులు రాసిన నియమం కాదు. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర, 1973లో ఆరు సూత్రాల పథకం, దాని మీద రాజ్యాంగంలో 371-డి అధికరణం, ఆ తర్వాత 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. వెనకబడిన ప్రాంతం పిల్లల సీట్లు బాగుపడిన ప్రాంతంవాళ్లు ఎగరేసుకుపోకూడదని వచ్చిన ఉత్తర్వు అది. నిజానికి సీమ పిల్లలకు అది గొడుగు. ఆ గొడుగు లేకపోతే నా వరండాలో కూర్చునే సగం మందికి సీటే రాదు. నేను దాన్ని ఎత్తేయాలని అనను. కానీ దాని కింద ఒక నమ్మకం ఉంది: డబ్బున్నవాళ్లే చదువు కోసం ఊళ్లు మారతారు, పేదవాళ్లు పుట్టిన చోటే ఉంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని చోట ఇది తలకిందులు. కాస్త ఉన్నవాళ్లే ఇక్కడ ఊళ్లో నిలబడగలరు. లేనివాళ్లే కదిలిపోతారు.

పై వారం ఆ అమ్మాయి వాళ్ల నాయన వచ్చాడు, బెంగళూరు నుంచి ఒక్కరోజు సెలవు పెట్టుకుని. కుర్చీలో కూర్చోమంటే మెట్టు మీదే కూర్చున్నాడు. ఆయన దగ్గర ఒక ఉపాయం ఉంది. “పక్కూరి హైస్కూల్లో పాప పేరు కొట్టేయలేదంటమ్మా. రిజిస్టర్లో ఆ రెండేండ్లూ పేరు నడస్తానే ఉండాదంట. తెలిసినాయన ఒకాయన ఉండాడు, సర్టిఫికెట్ రాయిపిస్తానన్నాడు. మేమేం పరాయి దేశమోళ్లమా?”

ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. వాళ్లు పరాయివాళ్లు కారు. ఓటు ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే, నాలుగెకరాల మెట్ట ఇక్కడే. ఆ అబద్ధపు కాగితం ఒకరకంగా నిజమే చెబుతుంది. కానీ రెండు రాష్ట్రాల ఆన్‌లైన్ రికార్డుల్లో ఒకే పిల్ల ఒకే ఏడాది రెండు బళ్లలో ఉంటే, అది ఏ రోజు బయటపడినా పోయేది ఆ పిల్ల సీటే, కింద సంతకం పెట్టేదీ ఆ పిల్లే. ఆ సంగతి ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుండగానే ఆ అమ్మాయి అందుకుంది.

“నాయనా, నేను తొమ్మిదిలో క్లాసు ఫస్టు. కన్నడంలోనే. ఆ పొద్దు నువ్వే గదా స్వీట్లు తెచ్చి మేస్త్రీకి పెట్టినావు. ఇప్పుడు నేను సదవలేదని ఎట్ల రాసేది?”

ఆయన ఏమీ అనలేదు. చాలాసేపు చెప్పు అంచుతో మెట్టు గీకుతూ కూర్చున్నాడు. తర్వాత, “సరే, యాడికి రాస్తే ఒస్తాదో అది చెప్పమ్మా” అన్నాడు నాతో.

జూనియర్‌లో ఉండగా తెలియడం వల్ల కలిసొచ్చింది ఇదొక్కటే, టైము. దారులు రెండు. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లలో పోటీ పడడం ఒకటి, దానికి ర్యాంకు బాగా రావాలి. రెండోది సీయూఈటీ. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు అదే ప్రవేశ పరీక్ష. తెలుగులోనూ రాయొచ్చు, అక్కడ ఎస్వీయూ లోకల్ అనే గొడవ లేదు. 2018లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం అనంతపురంలోనే ఉంది. సొంత జిల్లాలో నాన్‌లోకల్ అయిన పిల్లకు, దేశం మొత్తం పోటీపడే యూనివర్సిటీ ఇంటికి దగ్గర కావడం విచిత్రమే. కానీ దారి దారే. ఇంజనీరింగ్ తప్ప వేరే చదువు ఉంటుందని ఆ ఇంట్లో మొదటిసారి మాట్లాడుకున్నది ఆ రోజే అనుకుంటాను.

మన ఊరికి కాలేజీలు లేకపోవడం ఎప్పుడో తీరిన కష్టం. 1916లోనే ఇక్కడ సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ పెట్టారు, ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ. నీలం సంజీవరెడ్డి అక్కడే చదివాడు. 1946లో గిండీలో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ రెండేళ్లకు ఇక్కడికి వచ్చింది, అదే ఇప్పటి జేఎన్‌టీయూ. 1981లో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ. భవనాలన్నీ టౌన్‌కి ఆనుకునే ఉన్నాయి, తండా నుంచి రెండు బస్సులు మారితే గేటు దగ్గర దిగొచ్చు. గేటు దాటడానికే ఆ ఫైలు కావాలి. ఫైలేమో ఒకచోట కుదురుగా బతికిన మనిషిని ఊహించుకుని తయారైంది. ఒకే పేరు, ఒకే ఊరు, ఏడాదికి ఇంత అని చెప్పగలిగే ఆదాయం. బేల్దారు కూలీ ఆదాయం ఎంత అని సచివాలయంలో అడిగితే ఆ నాయన, “పని ఉండే వారమా, లేని వారమా?” అని అడిగాడట. ఆయన వెటకారానికి అనలేదు.

ఇప్పుడు ఆగస్టులోనే జూనియర్లకు మూడు పనులు చెబుతున్నాను. ఆధార్ పేరు, మెమో పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. ఆరు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు దసరా సెలవులకు ముందే తెచ్చుకోండి, పాత హెడ్మాస్టర్లు బదిలీ కాకముందే. నాలుగేళ్ల లెక్క వేళ్ల మీద వేసుకోండి. సిటీలో ఉండి ఇది చదువుతున్న మీకు ఎవరైనా ఇంటర్ పిల్లలు తెలిసి ఉంటే, మార్కులు అడిగేముందు ఒకసారి ఫైలు అడగండి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను, పక్క సైట్లో మేస్త్రీని, పిల్లలు ఏ తరగతో అడగండి. ఏడో ఎనిమిదో అయితే చెప్పాల్సిన మాట ఒకటుందని ఇప్పుడు మీకు తెలుసు.

అమ్మాయి ఇప్పుడు సీనియర్. ఈఏపీసెట్, సీయూఈటీ రెండూ రాస్తుంది. ఏది వస్తుందో ఇప్పుడే చెప్పలేం. సంక్రాంతికి వాళ్ల నాయన ఫోన్ చేశాడు, కూతురి గురించి కాదు. చిన్నోడు ఎనిమిదిలో ఉన్నాడు, బెంగళూరులో వాళ్ల దగ్గరే. “తొమ్మిది నుంచి ఈడ ఉంటేనే లెక్కకొస్తాదంట గదమ్మా. వాన్ని తెచ్చి మా యమ్మ కాడ ఇడిస్తే సరిపోతాదా?”

సరిపోతుందన్నాను. తొమ్మిది, పది, జూనియర్, సీనియర్, నాలుగూ సరిగ్గా పడతాయి. పదమూడేళ్ల పిల్లవాడు నాలుగేళ్లు అమ్మ దగ్గర లేకుండా ఉండగలడా అని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. ఆ గడి ఏ ఫారంలోనూ లేదు.